సిస్టమ్ మొత్తాన్ని ట్రేస్ చేసేటప్పుడు ట్రేసర్ సొంత ఈవెంట్లను వదిలేయడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

సిస్టమ్ మొత్తం మీద ట్రేసింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహాలివి. ఎక్కువ భాగం లినక్స్ పెర్ఫ్ (సిస్టమ్‌లో జరిగే సంఘటనలను, అంటే ఈవెంట్లను, నమోదు చేసే ట్రేసర్) గురించి, చివర్లో కొంచెం మిగతా వాటి గురించి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అందుకే కొన్ని సంగతులు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి. కమాండ్లు, ఆప్షన్లు ఇక్కడ పలికినట్టే రాశాను. టెర్మినల్లో వాటి అసలు స్పెల్లింగే కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ను అడిగే పనులు) ట్రేస్ చేస్తే లిస్టులో అందరికంటే పైన పెర్ఫే కనిపిస్తోంది. నా మెషీన్‌లో ఏదైనా తేడా ఉందా?

తేడా ఏమీ లేదు. -ఏ ఆప్షన్ ఇచ్చారంటే ప్రతి సీపీయూ మీద నడిచే ప్రతి ప్రాసెస్‌నీ చూడమని కెర్నల్‌కు చెప్పినట్టే. పెర్ఫ్ కూడా మామూలు ప్రాసెసే, దానికి ప్రత్యేక మినహాయింపు లేదు. కెర్నల్ ఈవెంట్లను రింగ్ బఫర్‌లో వేస్తుంది, బఫర్ కొంత నిండాక పెర్ఫ్‌ను లేపుతుంది, పెర్ఫ్ లేచి వాటిని రైట్ సిస్టమ్ కాల్‌తో ఫైల్‌లోకి రాస్తుంది. మీరు ట్రేస్ చేస్తున్నది సిస్టమ్ కాల్స్‌నే కాబట్టి ఆ రైట్ కూడా ఈవెంటే: లోపలికి వెళ్లేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి. పైగా బఫర్ ప్రతి సీపీయూకూ విడిగా ఉంటుంది. సీపీయూలు ఎక్కువున్న మెషీన్‌లో పెర్ఫ్ ఒక్కసారి లేస్తే, డేటా ఉన్న ప్రతి బఫర్‌కూ ఒక్కో రైట్ పడుతుంది. మిగతా ప్రాసెస్‌లు నెమ్మదిగా ఉన్నప్పుడు లిస్టులో పెర్ఫ్ పైకి రావడంలో వింతేం లేదు.

రాతకు ఈవెంట్, ఈవెంట్‌కు మళ్లీ రాత అనే ఈ చక్రం ఆగకుండా తనను తానే పెంచుకుంటూ పోతుందా?

ట్రేసర్ ఎలా రాస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పెర్ఫ్ రికార్డ్ ఒక్క రైట్‌లో చాలా ఈవెంట్లను మూటగట్టి రాస్తుంది. ఆ ఒక్క రైట్ వల్ల పుట్టే కొత్త ఈవెంట్లు రెండే. అంటే ప్రతి చుట్టులో బయటికి పోయేవి ఎక్కువ, కొత్తగా వచ్చేవి తక్కువ. చక్రం తనంతట తానే సద్దుమణుగుతుంది. చెత్త మిగులుతుంది కానీ పేలిపోదు.

ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో లైన్ స్క్రీన్ మీద వేసే ట్రేసర్లతోనే అసలు చిక్కు. ఒక ఈవెంట్‌కు ఒక రైట్, ఆ రైట్‌కు మళ్లీ రెండు ఈవెంట్లు. ఇలాగైతే రెట్టింపు అవుతూనే పోతుంది, బఫర్ నిండి ఈవెంట్లు పోవడం మొదలయ్యేదాకా ఆగదు. ఎస్ఎస్‌హెచ్ మీదుగా చూస్తుంటే ఇంకో మెలిక: ట్రేసర్ రాసిన ప్రతి లైన్‌నీ ఎస్ఎస్‌హెచ్‌డీ (ఆ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లను నడిపే ప్రోగ్రామ్) చదివి, ఎన్‌క్రిప్ట్ చేసి, సాకెట్‌లోకి పంపాలి. దాని సిస్టమ్ కాల్స్ కూడా ఈ లెక్కలో చేరతాయి. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి టీసీపీడంప్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే టూల్) నడిపేవాళ్లు ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును వదిలేయమని ఫిల్టర్ పెట్టేది ఇదే కారణంతో.

రికార్డ్ అయ్యాక పెర్ఫ్ లైన్లు తీసేసుకుంటే సరిపోదా? ముందే ఎందుకు ఫిల్టర్ చేయాలి?

ఇక్కడ రెండు వేరు వేరు సమస్యలున్నాయి, వాటిని కలిపేసుకోవడం వల్లే సగం సందేహాలు పుడుతున్నాయి. ఒకటి, ట్రేస్‌లో మనకు అక్కర్లేని లైన్లు ఉండటం. రెండోది, ట్రేసర్ నడవడం వల్ల సిస్టమ్ మీద పడే బరువు.

రికార్డ్ అయ్యాక వడగడితే మొదటిది మాత్రమే తీరుతుంది. ఆ లైన్లు అప్పటికే బఫర్‌లో చోటు తినేశాయి, వాటి వల్ల మీకు కావలసిన ఈవెంట్లు పోయి ఉంటే అవి ఇక దొరకవు. కెర్నల్‌లోనే, అంటే బఫర్‌లో పడకముందే ఫిల్టర్ చేస్తే చక్రం తెగుతుంది, బఫర్‌లో చోటు మిగులుతుంది. అయితే రెండో సమస్య అప్పటికీ పూర్తిగా పోదు. పెర్ఫ్ సీపీయూను వాడుతూనే ఉంటుంది, క్యాష్‌ను చెరుపుతూనే ఉంటుంది, డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. ఫిల్టర్ పెట్టాక అది మీ ట్రేస్‌లో కనిపించదు, అంతే. కనిపించడం లేదు కాబట్టి లేదు అనుకుంటే లెక్కలు తప్పుతాయి.

వదిలేయకుండా ఉంచడమే మంచిదయ్యే సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. ట్రేసింగ్ ఖర్చెంతో తెలుసుకోవాలన్నా, షెడ్యూలర్ ఆలస్యాలు చూస్తున్నా, సీపీయూ సమయం మొత్తం ఎవరెవరికి ఎంత పోయిందో లెక్క తేల్చాలన్నా పెర్ఫ్‌ను ఉంచండి. సిస్టమ్ కాల్స్, ఫైల్ ఓపెన్‌లు, పేజ్ ఫాల్ట్‌ల లాంటివి ప్రాసెస్‌ల వారీగా లెక్కపెట్టేటప్పుడు వదిలేయండి.

పెర్ఫ్ ఈవెంట్ ఓపెన్ చేసేటప్పుడే "నన్ను లెక్కలోకి తీసుకోకు" అని చెప్పే ఫ్లాగ్ లేదా?

లేదు. ఈవెంట్ ఓపెన్ చేసే కాల్‌కు ఇచ్చే స్ట్రక్చర్‌లో ఎక్స్‌క్లూడ్ అనే పేరుతో మొదలయ్యే బిట్లు చాలానే ఉన్నాయి: యూజర్, కెర్నల్, హైపర్‌వైజర్, ఐడిల్, హోస్ట్, గెస్ట్. పేర్లు చూసి ఆశపడతాం గానీ అవన్నీ ప్రాసెసర్ ఏ స్థితిలో ఉందన్న దాని గురించే, ఏ ప్రాసెస్ నడుస్తోందన్న దాని గురించి కాదు. సిస్టమ్ మొత్తానికి ఓపెన్ చేసినప్పుడు పీఐడీ (ప్రాసెస్ నంబర్) చోట -1 ఇస్తాం. అంటే ఎవరైనా సరే. "వీళ్లు తప్ప అందరూ" అనే విలువ అక్కడ లేదు. అందుకే ఈ పని ఫిల్టర్లతోనే చేయాలి.

## రికార్డ్ చేసేటప్పుడు

అన్నిటికంటే సులువైన దారి ఏది?

ట్రేస్‌పాయింట్లు (ఈవెంట్లు నమోదు చేయడానికి కెర్నల్ కోడ్‌లో ముందే పెట్టి ఉంచిన చోట్లు) రికార్డ్ చేస్తున్నట్టయితే పెర్ఫ్ రికార్డ్‌లోనే ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ అనే ఆప్షన్ ఉంది, 2015లో చేరింది. అది చేసే పని చాలా చిన్నది: కామన్_పీఐడీ అనే ఫీల్డ్ విలువ పెర్ఫ్ సొంత పీఐడీకి సమానం కాకూడదు అనే షరతును ఆ ఈవెంట్ ఫిల్టర్‌కు జోడిస్తుంది. మీరు అప్పటికే వేరే ఫిల్టర్ ఇచ్చి ఉంటే దాన్ని చెరపదు, రెండిటినీ "మరియు" అనే గుర్తుతో కలుపుతుంది. షరతును కెర్నల్ చూస్తుంది కాబట్టి పెర్ఫ్ ఈవెంట్లు బఫర్‌లోకే రావు.

ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ ఇస్తే ఎర్రర్ వస్తోంది. కొన్నిసార్లు ఎర్రర్ రాకపోయినా సగం ఈవెంట్లకే పనిచేస్తోంది.

ఈ ఆప్షన్‌కు వరుస ముఖ్యం. అది తనకు ముందు వచ్చిన -ఈ ఆప్షన్‌కు (ఏ ఈవెంట్లు కావాలో చెప్పేది) అంటుకుంటుంది. -ఈ కంటే ముందు రాసినా, ఆ -ఈ లో ఉన్నది ట్రేస్‌పాయింట్ కాకపోయినా ఎర్రర్ ఇస్తుంది. ఒకే కమాండ్‌లో -ఈ రెండుసార్లు ఇచ్చి, చివర్లో ఒక్కసారి ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ పెడితే ఆఖరి -ఈ కి మాత్రమే ఫిల్టర్ పడుతుంది. ప్రతి -ఈ తర్వాతా మళ్లీ ఇవ్వండి. నిజానికి ఇది చాలామంది కనిపెట్టలేని సంగతి, ఎందుకంటే హెచ్చరిక ఏమీ రాదు.

సైకిల్స్, సీపీయూ-క్లాక్ లాంటి శాంప్లింగ్ ఈవెంట్లకు ఇది పనిచేయదా?

పనిచేయదు. కామన్_పీఐడీ అన్నది ట్రేస్‌పాయింట్ రికార్డులో ఉండే ఫీల్డ్. హార్డ్‌వేర్ కౌంటర్ శాంపిళ్లలో అలాంటి ఫీల్డూ లేదు, ఆ ఫిల్టర్ యంత్రాంగమూ లేదు. 2023 నుంచి పెర్ఫ్‌లో ఇంకో దారి తెరుచుకుంది: ఫిల్టర్ ఆప్షన్‌కు పీఐడీ, టీఐడీ, పీరియడ్ లాంటి పేర్లతో షరతు ఇస్తే దాన్ని బీపీఎఫ్ ప్రోగ్రామ్‌గా (కెర్నల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్) మార్చి శాంపిల్‌కు తగిలిస్తుంది. మీ పెర్ఫ్‌ను బీపీఎఫ్ సపోర్ట్‌తో బిల్డ్ చేసి ఉండాలి, తగిన అనుమతులూ కావాలి.

అది కుదరకపోతే రికార్డ్ అయ్యాక వడకట్టుకోవచ్చు, శాంప్లింగ్‌లో అదేమంత నష్టం కాదు. శాంపిళ్లు గడియారం ప్రకారమో, కౌంటర్ ప్రకారమో పడతాయి గానీ పెర్ఫ్ రైట్ చేసిన ప్రతిసారీ పడవు. కాబట్టి ఇక్కడ చక్రం తిరిగే భయం లేదు.

ఫిల్టర్‌లో పెర్ఫ్ పీఐడీ ఇవ్వమంటారు, కానీ మొదలుపెట్టకముందే దాని పీఐడీ నాకెలా తెలుస్తుంది?

షెల్ పాత కిటుకు ఒకటుంది. కొత్త షెల్ తెరిచి, దాని పీఐడీని రెండు డాలర్ గుర్తులతో తీసుకుని ఫిల్టర్‌లో పెట్టి, అదే షెల్ నుంచి పెర్ఫ్‌ను ఎగ్జెక్‌తో నడపండి. ఎగ్జెక్ కొత్త ప్రాసెస్‌ను పుట్టించదు, ఉన్న ప్రాసెస్‌లోనే ప్రోగ్రామ్‌ను మారుస్తుంది. అందుకని షెల్ పీఐడీయే పెర్ఫ్ పీఐడీ అవుతుంది. సూడో వాడుతున్నారా? అప్పుడు సూడోకు బయట కాకుండా లోపలి షెల్‌లో ఈ పని చేయండి, ఎందుకంటే సూడో చాలా సందర్భాల్లో పెర్ఫ్‌ను వేరే ప్రాసెస్‌గా పుట్టించి తాను కాచుకుని ఉంటుంది.

పీఐడీ గొడవ లేకుండా పేరుతో వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. ట్రేస్‌పాయింట్ ఫిల్టర్లలో ప్రస్తుత ప్రాసెస్ పేరును సూచించే కామ్ అనే ఫీల్డ్ వాడుకోవచ్చు. దాన్ని పెద్ద అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకోండి. షెడ్_వేకప్ లాంటి కొన్ని ఈవెంట్లకు చిన్న అక్షరాలతో అదే పేరున్న సొంత ఫీల్డ్ ఉంది. అది లేపిన ప్రాసెస్ పేరు కాదు, లేచిన ప్రాసెస్ పేరు. చిన్న అక్షరాల్లో రాస్తే ఆ ఫీల్డ్‌నే పట్టుకుంటుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. కెర్నల్ దగ్గర ప్రాసెస్ పేరుకు 16 బైట్లే ఉంటాయి, చివరి సున్నా పోగా 15 అక్షరాలు. పొడుగు పేరున్న టూల్ అయితే తెగిపోయిన పేరుతో పోల్చాలి. రెండోది, పేరు ఎవరిదైనా కావచ్చు. అదే సర్వర్ మీద ఇంకొకరు పెర్ఫ్ నడుపుతుంటే వాళ్లదీ మాయమవుతుంది, ఆ సర్వర్ నెమ్మదించడానికి కారణం ఆ రెండో పెర్ఫే అయినా సరే. నన్నడిగితే పీఐడీయే నయం.

పెర్ఫ్ ట్రేస్ వాడినా ఇవన్నీ చేయాలా?

పెర్ఫ్ ట్రేస్ తనను తానే వదిలేస్తుంది. అంతటితో ఆగక, తన తల్లి ప్రాసెస్‌ల వరుసలో పైకి ఎక్కుతూ ఎస్ఎస్‌హెచ్‌డీ గానీ గ్నోమ్-టెర్మినల్ గానీ తగిలితే దాన్ని కూడా వదిలేస్తుంది. లైన్లు స్క్రీన్ మీదికి చేరే దారిలో ఉన్నవాళ్లను తీసేయకపోతే చక్రం తెగదని రాసినవాళ్లకు తెలుసు. కానీ ఆ జాబితా చిన్నది. మీరు వేరే టెర్మినల్ వాడుతున్నా, టీమక్స్ లాంటి, టెర్మినల్ సెషన్లను నిలిపి ఉంచే టూల్‌లో ఉన్నా, వాటి పీఐడీలను ఫిల్టర్-పీఐడీస్ ఆప్షన్‌లో కామాలతో ఇవ్వండి. టీమక్స్‌తో ప్రత్యేకంగా చిక్కు ఏంటంటే దాని సర్వర్ మీ ఎస్ఎస్‌హెచ్ సెషన్‌కు పిల్ల కాదు, కాబట్టి తల్లి వరుసలో ఎస్ఎస్‌హెచ్‌డీ దొరకదు. ఇదంతా ఎందుకనుకుంటే అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లించి తర్వాత చదువుకోండి.

ట్రేస్-సీఎమ్‌డీలోనూ, నేరుగా ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లోనూ (కెర్నల్ ట్రేసింగ్‌ను ఫైళ్ల ద్వారా నడిపే చోటు) ఎలా?

ట్రేస్-సీఎమ్‌డీ రికార్డ్ తన థ్రెడ్లను ముందే వదిలేస్తుంది. అవి కూడా కావాలంటేనే నో-ఫిల్టర్ ఆప్షన్ ఇవ్వాలి. పెర్ఫ్‌లో అడిగితే గానీ వదలదు, ఇక్కడ అడిగితే గానీ చూపదు. రెండు టూల్సూ కలిపి వాడేవాళ్లు అంకెలు సరిపోలక బుర్ర గోక్కునేది తరచుగా దీని వల్లే.

ట్రేస్‌ఎఫ్‌ఎస్‌తో నేరుగా పనిచేసేవాళ్లకు 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి సెట్_ఈవెంట్_నోట్రేస్_పీఐడీ అనే ఫైల్ ఉంది. అందులో రాసిన పీఐడీల ఈవెంట్లు రావు. ఫంక్షన్ ట్రేసింగ్‌కు సెట్_ఎఫ్‌ట్రేస్_నోట్రేస్_పీఐడీ అని వేరే ఫైల్ ఉంది. ఈవెంట్-ఫోర్క్ ఆప్షన్ ఆన్ చేస్తే మొదటి ఫైల్‌లో ఉన్న ప్రాసెస్‌లకు పుట్టే పిల్లలు కూడా ఆ జాబితాలో చేరతాయి. ట్రేస్_పైప్‌ను క్యాట్‌తో చదువుతుంటే ఆ క్యాట్ పీఐడీని కూడా అందులో రాయడం మరవకండి.

బీపీఎఫ్‌ట్రేస్ స్క్రిప్టులో?

ప్రోబ్ (ఏ ఈవెంట్‌ను పట్టుకోవాలో చెప్పే భాగం) తర్వాత స్లాష్‌ల మధ్య పెట్టే షరతులో కామ్ విలువ బీపీఎఫ్‌ట్రేస్‌కు సమానం కాకూడదని రాస్తే చాలు. పీఐడీతో చేయాలంటే ఒక తేడా గుర్తుంచుకోండి: బీపీఎఫ్‌ట్రేస్‌లో పీఐడీ అంటే మొత్తం ప్రాసెస్ నంబర్, టీఐడీ అంటే థ్రెడ్ నంబర్. ట్రేస్‌పాయింట్ రికార్డులోని కామన్_పీఐడీ మాత్రం, పేరు ఏదైనా, థ్రెడ్ నంబరే. ఒకదానిలో తీసుకున్న అంకెను ఇంకోదానిలో పెట్టేముందు ఇది చూసుకోండి.

ఒక్కో ఈవెంట్‌నూ ప్రింట్ చేయడం మానేసి, కెర్నల్‌లోనే మ్యాప్‌లో లెక్కపెట్టి చివర్లో ఒక్కసారి చూపిస్తే ఈ సమస్య దాదాపు లేనట్టే.

## ఫిల్టర్ పెట్టినా ఇంకా కనిపిస్తున్నప్పుడు

ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ ఇచ్చినా పెర్ఫ్ పేరుతో కొన్ని లైన్లు వస్తున్నాయి.

ఎక్కువసార్లు కారణం థ్రెడ్లు. ఆ ఆప్షన్ ఒక్క నంబరునే వడకడుతుంది, అది మెయిన్ థ్రెడ్‌ది. కామన్_పీఐడీలో ఉండేది థ్రెడ్ నంబర్ కాబట్టి, పెర్ఫ్ ఇంకో థ్రెడ్ నడిపితే దానికి వేరే నంబర్ ఉంటుంది, అది జల్లెడలోంచి జారిపోతుంది. థ్రెడ్స్ ఆప్షన్ ఇచ్చి రికార్డింగ్‌ను చాలా థ్రెడ్లకు పంచినప్పుడు రాసే పని చేసేవి ఆ థ్రెడ్లే. అలాంటప్పుడు పేరుతో ఫిల్టర్ పెట్టడమే తేలిక.

రికార్డ్ చేసే కాలం కోసం కమాండ్ చివర స్లీప్ 10 అని పెట్టాను. ఆ స్లీప్ కూడా ట్రేస్‌లో వస్తోంది.

స్లీప్ పెర్ఫ్‌కు పిల్ల ప్రాసెస్, పెర్ఫ్ కాదు. దానికి వేరే పీఐడీ. పైగా అది మొదలయ్యేటప్పుడు లైబ్రరీలు వెతకడం, మ్యాప్ చేయడం వంటి సిస్టమ్ కాల్స్ కొన్ని చేస్తుంది, అవన్నీ ట్రేస్ మొదట్లో పడతాయి. పేరుతో తీసేయండి, లేదా ఆ మొదటి కొద్ది మిల్లీసెకన్లను విశ్లేషణలో పక్కన పెట్టండి.

డిస్క్ ఈవెంట్లు చూస్తుంటే పెర్ఫ్ డేటా ఫైల్‌కు రాసిన రాతలు కూడా వస్తున్నాయి, కానీ పేరు కేవర్కర్ అని ఉంది.

పెర్ఫ్ రైట్ కాల్ చేసినప్పుడు డేటా వెంటనే డిస్క్‌కు పోదు, పేజ్ క్యాష్‌లో ఆగుతుంది. తర్వాత ఎప్పుడో కెర్నల్ వర్కర్ థ్రెడ్ దాన్ని డిస్క్‌కు తోస్తుంది. ఈఎక్స్‌టీ4 అయితే జర్నల్ పనిని జేబీడీ2 థ్రెడ్ చూస్తుంది. ఆ క్షణంలో నడుస్తున్నది పెర్ఫ్ కాదు కాబట్టి పీఐడీ ఫిల్టర్‌కు అది తెలిసే దారి లేదు. కేవర్కర్‌ను వదిలేద్దామంటే మీ అప్లికేషన్ రాతలు కూడా అందులోంచే పోతాయి, వాటిని పోగొట్టుకుంటారు.

ఇక్కడ ఫిల్టర్ కంటే స్థలం మార్చడం పనిచేస్తుంది. డేటా ఫైల్‌ను మెమరీలోనే ఉండే టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌లో పెడితే డిస్క్ ఊసే ఉండదు (మెమరీ సరిపోవాలి). లేదా వేరే డిస్క్ మీద పెట్టి, డివైస్ నంబర్‌తో ఫిల్టర్ చేయండి. బ్లాక్ ఈవెంట్లలో డెవ్ అనే ఫీల్డ్ ఉంటుంది.

షెడ్_స్విచ్ ఈవెంట్‌కు ఫిల్టర్ పెట్టినా పెర్ఫ్ ఎందుకు వస్తోంది?

షెడ్_స్విచ్‌లో ఇద్దరుంటారు: సీపీయూ నుంచి దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు. ఆ ఈవెంట్ నమోదయ్యే క్షణానికి సీపీయూ మీద ఇంకా ఉన్నది దిగేవాళ్లే, కాబట్టి కామన్_పీఐడీలో పడేది వాళ్ల నంబరే. పెర్ఫ్ దిగేటప్పటి ఈవెంట్‌ను ఫిల్టర్ తీసేస్తుంది. పెర్ఫ్ ఎక్కేటప్పటి ఈవెంట్ మాత్రం అంతకుముందు నడుస్తున్న ప్రాసెస్ పేరున ఉంటుంది కాబట్టి మిగిలిపోతుంది. ఫలితం సగం కోసిన జత: పెర్ఫ్ ఎక్కిందని ఉంటుంది, దిగిందని ఉండదు.

ప్రీవ్_పీఐడీ, నెక్స్ట్_పీఐడీ రెండిటితోనూ షరతు పెడితే పెర్ఫ్ పూర్తిగా పోతుంది. కానీ అప్పుడు ఇంకో గోతిలో పడతారు. మీ ప్రాసెస్ దిగి పెర్ఫ్ ఎక్కిన ఈవెంట్ పోయింది, పెర్ఫ్ దిగి మీ ప్రాసెస్ మళ్లీ ఎక్కిన ఈవెంట్ కూడా పోయింది. కాలరేఖ గీసే టూల్‌కు మీ ప్రాసెస్ మధ్యలో ఆగనే లేదనిపిస్తుంది. పెర్ఫ్ తిన్న సమయమంతా మీ ప్రాసెస్ ఖాతాలో పడుతుంది. పెర్ఫ్ షెడ్ లాంటి వాటి నివేదికలు ఈ జతల మీదే నడుస్తాయి.

కాబట్టి షెడ్యూలర్ ఈవెంట్లకు ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ వాడొద్దు, ఏ పీఐడీ ఫిల్టరూ వద్దు. అన్నీ రికార్డ్ చేసి, లెక్కలయ్యాక నివేదికలోంచి పెర్ఫ్ వరుసను తీసేయండి.

ఇంటరప్ట్ ఈవెంట్లకు ఫిల్టర్ పెట్టాక లెక్క తగ్గింది. పెర్ఫ్ ఇంటరప్ట్‌లు అన్ని ఉంటాయా?

అవి పెర్ఫ్‌వి కావు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు సీపీయూ మీద ఎవరుంటే వాళ్ల నంబరే కామన్_పీఐడీలో పడుతుంది. నెట్‌వర్క్ కార్డు పంపిన ఇంటరప్ట్ పెర్ఫ్ నడుస్తుండగా వస్తే, ఆ ప్యాకెట్‌తో పెర్ఫ్‌కు ఏ సంబంధమూ లేకపోయినా ఆ ఈవెంట్ వెళ్లిపోతుంది. సాఫ్ట్‌ఐఆర్‌క్యూలదీ (ఇంటరప్ట్ తర్వాతకు వాయిదా వేసిన పనులు), టైమర్లదీ ఇదే కథ. ఐఆర్‌క్యూ, టైమర్, నెట్‌వర్క్ స్వీకరణ ఈవెంట్లకు పీఐడీ ఫిల్టర్ పెట్టడం అంటే యాదృచ్ఛికంగా కొన్ని ఈవెంట్లను పారేసుకోవడమే. పెట్టొద్దు.

కంటైనర్ లోపలి నుంచి పెర్ఫ్ నడిపితే ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్ అసలు పనిచేయడం లేదు.

కంటైనర్‌కు సొంత పీఐడీ నేమ్‌స్పేస్ ఉంటుంది. లోపల పెర్ఫ్ తన నంబర్ అడిగితే 37 అని రావచ్చు. హోస్ట్ దృష్టిలో అదే ప్రాసెస్ నంబర్ 48210 కావచ్చు. ట్రేస్‌పాయింట్ రికార్డులో పడేది ఎప్పుడూ హోస్ట్ నంబరే. పెర్ఫ్ మాత్రం తనకు తెలిసిన 37ను ఫిల్టర్‌లో పెడుతుంది. తాను వడకట్టబడదు సరికదా, హోస్ట్‌లో నిజంగా 37 నంబర్ ఉన్న ప్రాసెస్, బహుశా ఏదో కెర్నల్ థ్రెడ్, నిశ్శబ్దంగా మాయమవుతుంది.

కంటైనర్‌ను హోస్ట్ పీఐడీ నేమ్‌స్పేస్‌తో నడపడం తిన్నని పరిష్కారం. కుదరకపోతే పేరుతో ఫిల్టర్ చేయండి. రెండు నంబర్ల పొంతన చూడాలంటే హోస్ట్ వైపు నుంచి ప్రోక్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్ తెరిచి ఎన్ఎస్‌పీఐడీ అనే లైన్ చూడండి. బయటి నంబర్ ముందు, లోపలి నంబర్ తర్వాత ఉంటాయి.

## రికార్డ్ అయిపోయాక

పెర్ఫ్ ఈవెంట్లతో సహా రికార్డ్ చేసేశాను. ఇప్పుడు ఏం చేయగలను?

పెర్ఫ్ స్క్రిప్ట్‌తో టెక్స్ట్‌గా మార్చి, మొదటి కాలమ్‌లో పేరు చూసి ఆక్ (టెక్స్ట్‌ను లైన్ల వారీగా వడకట్టే టూల్) తో వడకట్టండి. పెర్ఫ్ రిపోర్ట్‌లోని కామ్స్, పీఐడీ, టీఐడీ ఆప్షన్లు మాత్రం "ఇవి మాత్రమే" అనే దిక్కులో పనిచేస్తాయి. కావలసిన ప్రాసెస్‌లు కొన్నే అయితే వాటినే పేర్కొనడం తేలిక. అంతకంటే ముందు, ఎన్ని ఈవెంట్లు పోయాయో చూడండి. లాస్ట్ (అంటే పోయినవి) అని లెక్క కనిపిస్తే, అవి ఎవరివో ఆ ఫైల్ చెప్పలేదు. ఆ సంఖ్య పెద్దదైతే వడకట్టే శ్రమ మానేసి ఫిల్టర్‌తో మళ్లీ రికార్డ్ చేయడమే మేలు.

పెర్ఫ్‌ను తీసేశాక శాతాలు ఎలా చదవాలి?

పెర్ఫ్ రిపోర్ట్‌లో పర్సెంటేజ్ ఆప్షన్‌కు రెండు విలువలున్నాయి. రిలేటివ్ ఇస్తే మిగిలినవాటి మొత్తాన్ని 100గా తీసుకుంటుంది. అబ్సల్యూట్ ఇస్తే అసలు మొత్తం మీదే శాతం చూపిస్తుంది, తీసేసిన భాగం ఖాళీగా మిగులుతుంది. ప్రాసెస్‌లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు రిలేటివ్, మెషీన్ సామర్థ్యం గురించి మాట్లాడేటప్పుడు అబ్సల్యూట్. నివేదిక ఇంకొకరికి పంపుతుంటే ఏది వాడారో రాయండి.

పెర్ఫ్‌ను వదిలేశాను కాబట్టి దాని ప్రభావం నా అంకెల్లో లేదని చెప్పొచ్చా?

చెప్పకూడదు. ట్రేస్‌పాయింట్ తగిలిన ప్రతిసారీ రికార్డును తయారుచేసే పని, ఫిల్టర్ షరతు చూసే పని, కాల్ స్టాక్ అడిగితే దాన్ని విప్పే పని అన్నీ మీరు కొలుస్తున్న ప్రాసెస్ సమయంలోనే జరుగుతాయి. శాంప్లింగ్ ఇంటరప్ట్ కూడా అంతే, ఆ క్షణంలో సీపీయూ మీద ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది. పెర్ఫ్ అనే ప్రాసెస్ ఖర్చు మొత్తం ట్రేసింగ్ ఖర్చులో ఒక ముక్క మాత్రమే, ఒక్కోసారి చిన్న ముక్క. ఖర్చెంతో తెలియాలంటే ఒకే పనిని ట్రేసింగ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ నడిపి, బయటి గడియారంతో పోల్చండి. కెర్నల్ కూడా ఈ విషయంలో కొంత కాపలా కాస్తుంది: శాంప్లింగ్ సీపీయూ సమయంలో 25 శాతం దాటితే రేటును తగ్గిస్తుంది. పెర్ఫ్_సీపీయూ_టైమ్_మ్యాక్స్_పర్సెంట్ అనే సెట్టింగ్‌కు మామూలుగా ఉండే విలువ అదే.

సరే, ఆ బరువునే తగ్గించడం ఎలా?

బఫర్ పెంచండి, -ఎమ్ ఆప్షన్‌తో. పెద్ద బఫర్ అంటే పెర్ఫ్ తక్కువసార్లు లేస్తుంది. టాస్క్‌సెట్‌తో పెర్ఫ్‌ను మీ పని నడవని సీపీయూకు కట్టేయడం కూడా బాగా పనిచేస్తుంది. అక్కర్లేని ఈవెంట్లను మానేయడం అన్నిటికంటే లాభం, రా_సిస్‌కాల్స్ మొత్తం బదులు కావలసిన రెండు మూడు కాల్స్ చాలు.

అరుదుగా వచ్చే సమస్య కోసం కాపు కాస్తుంటే ఓవర్‌రైట్ ఆప్షన్ వాడండి. బఫర్ నిండినప్పుడు పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది, ఫైల్‌కు రాత ఉండదు. స్విచ్-అవుట్‌పుట్ ఆప్షన్ కూడా ఇచ్చి, సమస్య కనిపించగానే పెర్ఫ్‌కు సిగ్‌యూఎస్‌ఆర్2 సిగ్నల్ పంపితే అప్పటికి బఫర్‌లో ఉన్నదంతా ఫైల్‌లోకి దించుతుంది. అప్పటిదాకా పెర్ఫ్ దాదాపు నిద్రలోనే ఉంటుంది కాబట్టి వదిలేయడానికి దాని ఈవెంట్లే పెద్దగా ఉండవు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

## ఇతర సిస్టమ్‌లలో

డీట్రేస్ (ఇతర సిస్టమ్‌లలో వాడే ట్రేసర్) లో ఎక్స్‌క్లూడ్-పెర్ఫ్‌కు సమానమైనది ఏది?

డీట్రేస్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే పీఐడీ అనే మాక్రో డీట్రేస్ సొంత పీఐడీనే ఇస్తుంది. డాలర్ లేని పీఐడీ అంటే ఆ క్షణంలో నడుస్తున్న ప్రాసెస్. ఈ రెండూ సమానం కాకూడదు అని షరతు రాస్తే అయిపోయింది, ముందే నంబర్ వెతుక్కునే పని లేదు.

మ్యాక్‌లో ఎఫ్ఎస్_యూసేజ్ (ఫైల్ వాడకాన్ని చూపే టూల్) కొన్ని ప్రాసెస్‌లను అసలు చూపించడం లేదు. ఎందుకు?

అది ముందుగానే తనను, టెర్మినల్‌ను, ఎస్ఎస్‌హెచ్‌డీని, కొన్ని షెల్స్‌ను వదిలేస్తుంది. మీరు వెతుకుతున్న పని షెల్ స్క్రిప్ట్ చేస్తుంటే కనిపించకపోవడానికి ఇదే కారణం కావచ్చు. పీఐడీ గానీ పేరు గానీ స్పష్టంగా ఇస్తే ఆ జాబితా పక్కకు పోతుంది.

విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ తనను తాను చూపించదు. అంటే రికార్డ్ కూడా చేయదా?

మామూలుగా చేస్తుంది, చూపించదు, అంతే. దాని ఫిల్టర్ జాబితా తెరిస్తే ప్రాక్‌మాన్‌ను (ప్రాసెస్ మానిటర్ ప్రోగ్రామ్ పేరు) వదిలేయమనే నియమం మీరు పెట్టకుండానే కనిపిస్తుంది. ఆ నియమాన్ని తీసేస్తే దాగిన ఈవెంట్లు మళ్లీ కనబడతాయి. డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్ అనే మెనూ ఎంపికను ఆన్ చేస్తేనే నిజంగా పారేస్తుంది. గంటల తరబడి నడపాలంటే అది ఆన్ చేయండి, లేదంటే మెమరీ నిండుతుంది. ఆన్ చేసే ముందు ఫిల్టర్ సరిగా ఉందో లేదో చూసుకోండి, పారేసినవి తిరిగి రావు.

లినక్స్ ఆడిట్‌లో ఆడిట్‌డీకి (ఆడిట్ లాగ్‌లను రాసే ప్రోగ్రామ్) కూడా ఇలాంటి నియమం రాయాలా?

అక్కర్లేదు. ఆడిట్‌డీగా నమోదైన ప్రాసెస్ సిస్టమ్ కాల్స్‌ను కెర్నలే ఆడిట్ నుంచి తప్పిస్తుంది. ఆ లాగ్‌లను తీసుకెళ్లి ఇంకోచోటికి పంపే ప్రోగ్రామ్‌కు మాత్రం ఈ మినహాయింపు లేదు, దానికి నియమం మీరే రాసుకోవాలి.